నా చెయ్యి సంగతి తెలిసిన ఇద్దరు

మా వైపు ఆడవాళ్ళు కుట్టుపని చేసే మనిషికి ఆది జాకెట్టు ఇచ్చారంటే ఇక దాన్ని వెనక్కి అడగరు. ఒంటికి సరిగ్గా అమరిన పాత జాకెట్టు ఒకటి తెచ్చి నా దగ్గర పడేసి పోతారు. దాన్ని కొలతకు పెట్టుకుని నేను ఏళ్ళ తరబడి కొత్తవి కుడుతూ ఉంటాను. ఒళ్ళు వచ్చినా, చిక్కినా, కాన్పు అయినా ఆ పాత జాకెట్టుకే అటూ ఇటూ వేలెడు కలుపుకోవడమో తీయడమో చేస్తాను. అలాంటివి నా బీరువా అడుగు అరలో మూటలు మూటలుగా ఉండేవి. పాళెంలో చేపలమ్మే ఆడవాళ్ళవి, బడి పంతులమ్మలవి, మా చర్చి సంఘంలో వాళ్ళవి. "నా ఆది నీ దగ్గరే ఉండాది గదా" అని గుడ్డ ఎవరి చేతనైనా పంపేస్తే చాలు, మనిషి రానక్కర్లేదు.

అందుకే ఆ వేసవిలో ఒకామె వచ్చి, లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడి, "నా ఆది జాకెట్టు ఒకసారి ఇయ్యక్కా, మా కోడలు చూడాలంటా ఉండాది" అన్నప్పుడు ఏదో తేడా ఉందనిపించింది. ఆమె కోడలికి సూది ఏ వైపు పట్టుకోవాలో తెలియదు. ఇచ్చేశాను. మూడు రోజుల తర్వాత ఇంకొకామె వచ్చింది. ఆమె చెప్పిన కారణం ఇంకా అధ్వానంగా ఉంది, ఎలుకలు కొడతాయేమోనని భయమట. పదేళ్ళుగా కొట్టని ఎలుకలు ఇప్పుడు కొడతాయట. రెండు వారాలు తిరక్కుండా తొమ్మిది మంది తీసుకుపోయారు. తొమ్మిదో ఆమె పట్టుచీర జాకెట్టు గుడ్డ కూడా వెనక్కి అడిగింది.

"కత్తెర పెట్టలేదు గదక్కా?" అని, అలా అంటూ నా కుడి చేతి వైపు చూసింది.

ఆ చూపుతో నా అనుమానం రూఢి అయిపోయింది. ఊరికి తెలిసిపోయింది.

నా కుడి చెయ్యి వణుకుతుంది. ఎప్పుడూ కాదు. ఊరికే ఒళ్ళో పెట్టుకుంటే బుద్ధిగా ఉంటుంది. సూదిలో దారం ఎక్కించబోయినా, కత్తెర పట్టుకుని మెడ వంపు దగ్గరికి వచ్చినా మొదలుపెడుతుంది. క్రిస్మస్‌కి తెల్ల చీరల మీదికి జాకెట్లు కుట్టీ కుట్టీ అలసిపోయిందిలే అనుకున్నాను. ఫిబ్రవరి వచ్చినా తగ్గలేదు. నెల్లూరు వెళ్ళి చూపించుకున్నాను. డాక్టరు గారు కాగితమిచ్చి సున్నాలు చుట్టమన్నారు. నేను చుట్టిన సున్నాలకు రంపంలా పళ్ళు వచ్చాయి. "ప్రాణానికి ఏమీ కాదమ్మా, పూర్తిగా పోతుందని మాత్రం చెప్పలేను" అని మాత్రలు రాసిచ్చారు. ప్రాణానికి ఏమీ కాదన్నందుకు నాకేమీ సంతోషం కలగలేదు. మా ఆయన పోయి ఆరేళ్ళు. పిల్లలు లేరు. మిషను నడిస్తే తింటాను, లేకపోతే లేదు. వణికే చేతికి పట్టు గుడ్డ ఎవరిస్తారు? నేనైనా ఇవ్వను.

కాబట్టి ఈ సంగతి బయటికి పోకూడదు. నాకు కావలసింది అదొక్కటే. తెలిసినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకరు మా అక్క. మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటుంది, నెల్లూరు ఆసుపత్రికి నాతో వచ్చింది కూడా ఆమే. రెండో మనిషిని నేను ఎన్నడూ కళ్ళతో చూడలేదు.

ఫోన్‌లో జాకెట్ల కటింగ్ గురించి మాట్లాడుకునే గ్రూపు ఒకటుంది. కుట్టుపని చేసే ఆడవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో అందులో ఉంటారు. చంక దగ్గర ముడతలు వస్తున్నాయని ఒకరు ఫోటో పెడితే మిగతావాళ్ళు తలా ఒక మాట చెబుతారు. అక్కడ అందరికంటే చెడ్డ నోరు నాది. ఎవరైనా వంకర కుట్టు ఫోటో పెట్టి "ఎలా ఉందండీ?" అంటే "కళ్ళు మూసుకుని కుట్టినావా తల్లీ?" అని పెట్టేదాన్ని. పక్కింటి ఆమెను అలా అనగలనా? అనలేను. రేపు పొద్దున బావి దగ్గర ముఖం ముఖం చూసుకోవాలి. ఫోన్‌లో వాళ్ళతో ఆ బాధ లేదు. వాళ్ళు నొచ్చుకున్నా నాకు కనపడదు, ఏడ్చినా వినపడదు. నిజం చెప్పాలంటే వాళ్ళను నేను పూర్తిగా మనుషుల కింద లెక్కవేయలేదు.

నేను చెప్పిన ఆ రెండో మనిషి ఈ గ్రూపులోదే, గోదావరి జిల్లాల వైపు మనిషి. నాకంటే పది పన్నెండేళ్ళు చిన్నది. మాటకు ముందొక అండీ, తర్వాత ఒక అండీ. ఫోటో ఉండాల్సిన చోట దారం రీలు బొమ్మ పెట్టుకుంది. ముఖం చూపించదు, పని మాత్రం చూపిస్తుంది. ఆమె కుట్టిన జాకెట్టును లోపలి వైపు తిప్పి ఫోటో తీసినా అదే బయటి వైపేమో అనిపించేంత శుభ్రంగా ఉండేది. ఆ గ్రూపు మొత్తంలో నేను వంక పెట్టలేకపోయిన పని అదొక్కటే. అందుకని ఆమె మీద నాకు కొంచెం కుళ్ళు కూడా ఉండేది.

మార్చిలో ఒకరోజు మెడకు పైపింగు వేసే పద్ధతి వీడియో తీసి గ్రూపులో పెట్టాను. పెట్టే ముందు నేను చూసుకోలేదు. ఐదు నిమిషాలు కాకముందే ఆమె దగ్గర్నుంచి నాకు విడిగా వాయిస్ మెసేజ్ వచ్చింది.

"అక్కా, ఏమనుకోకండి. ఆ వీడియో ఒకసారి తీసేస్తారా? పైపింగు చాలా బాగుందండి. చివర్లో కత్తెర పట్టుకున్నప్పుడు మాత్రం మీ చెయ్యి కనబడిపోతోంది. ఇంకా ఎవరూ చూసినట్టు లేదు. ముందు తీసెయ్యండి అక్కా."

తీసేశాను. సిగ్గేసింది. కృతజ్ఞత చెప్పాల్సింది పోయి కోపం తెచ్చుకున్నాను, నా చేతిని అంత పట్టి పట్టి చూడటానికి ఈమె ఎవరని. రెండు రోజులు జవాబు ఇవ్వలేదు. ఆమె మళ్ళీ కదిలించలేదు. ఏమైంది, ఎలా వచ్చింది, డాక్టరుకు చూపించారా అని ఒక్క ముక్క అడగలేదు. మూడో రోజు నేనే ఫోన్ చేశాను.

"ఏ పని దగ్గర ఎక్కువ వస్తుందక్కా?" అని అడిగింది.

అంతవరకు నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. మా అక్క నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. డాక్టరు గారు సున్నాలు చుట్టించారు. ఏ పని దగ్గర అని ఎవరూ అడగలేదు. నేను ఒక్కొక్కటే చెప్పాను. ఆమె ఒక్కొక్కదానికీ దారి చెప్పింది. గుడ్డ మీద ఇస్త్రీ పెట్టె బరువు పెట్టి, మోచెయ్యి దాకా బల్ల మీద ఆనించి, కత్తెర కింది రేకును బల్ల మీద నుంచి లేపకుండా తోసుకుంటూ పోవాలంది. హుక్స్ కుట్టేటప్పుడు జాకెట్టును దిండుకు గుండుసూదులతో గుచ్చేసుకోవాలంది. చేసి చూశాను. వణుకు పోలేదు గానీ గుడ్డ మీద దాని ఆనవాలు పోయింది.

"చెయ్యి మాట వినకపోతే పనినే చేతి దగ్గరికి తెచ్చుకోవాలక్కా. నేను అలాగే చేసుకున్నాను" అంది.

"నీకు కూడా వణుకా మే?"

వణుకు కాదంది. తర్వాత చెప్పింది. చిన్నప్పటి నుంచి ఆమెకు రెండు కాళ్ళూ పని చేయవు. పీట మీద కూర్చుని చేతి మిషను మీద కుడుతుంది. కుడి చేత్తో చక్రం తిప్పుతూ, ఎడమ చెయ్యి ఒక్కదానితో గుడ్డను నడిపిస్తుంది. నేను వంక పెట్టలేకపోయిన ఆ కుట్లన్నీ ఒక్క చేత్తో నడిపినవి.  

"గ్రూపులో చెప్పకండక్కా. కాళ్ళ సంగతి తెలిస్తే నా కుట్టు ఎవరూ చూడరండి, నన్ను చూస్తారు. అయ్యో పాపం అని దండాలు పెడతారు. వంకరగా కుట్టినా బాగుందంటారు. మీరు నా పనిలో తప్పు దొరుకుతుందేమోనని వెతుకుతారు చూడండి, అది నాకు ఎంత బాగుంటుందో."

చెప్పనన్నాను. మా సంఘంలో ఒట్లు పెట్టుకోకూడదు. అయినా ఆ రోజు ఒట్టు పెట్టాను. నా చెయ్యి సంగతి తన దగ్గర ఎంత భద్రంగా ఉంటుందో తన కాళ్ళ సంగతి నా దగ్గర అంత భద్రంగా ఉంటుందని చెప్పాను. అప్పుడది మనస్ఫూర్తిగానే అన్నాను.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక మాట్లాడుకునేవాళ్ళం. ఆమె మిషను చప్పుడు, నా మిషను చప్పుడు రెండూ ఫోన్‌లో కలిసిపోయేవి. చెల్లెలు లేని నాకు చెల్లెలు దొరికిందనుకున్నాను. ఆమె ఊరి కాలవలో నీళ్ళు ఎప్పుడు వదిలారో నాకు తెలిసేది, మా రేవులో ఏ చేప పడిందో ఆమెకు తెలిసేది. వాకాడు బస్సు మా ఊరికి రాని రోజున కూడా ఆమెకు చెప్పేదాన్ని. ఆ రెండు నెలలు నేను చెయ్యి గురించి భయపడలేదు.

ఇంతలో మే నెల వచ్చింది. ఆది జాకెట్లు వెనక్కి పోవడం మొదలైంది.

మొదటి జాకెట్టు గుమ్మం దాటిన రోజే నా మనసు ఆమె మీదికి పోయింది. కాదు, ఆమె అలాంటిది కాదు అనుకున్నాను. మళ్ళీ, ఆమె ఎలాంటిదో నీకేం తెలుసు అని నన్ను నేనే అడిగాను. ఆమె ముఖం చూశావా? ఇల్లు చూశావా? ఆమె చెప్పిన ఊరు నిజంగా ఉందో లేదో ఎవరికి ఎరుక? ఏమీ జరగకుండానే నా బుర్రలో ఆమె మీద కేసు నడిచిపోయింది. ఇక తొమ్మిది జాకెట్లూ పోయాక, గ్రూపులో ఉన్న, మనుబోలు ఊరికి చెందిన ఒకామె నాకు విడిగా మెసేజ్ పెట్టింది. "చెయ్యి ఎట్టా ఉండాదక్కా? దేవుడు చూసుకుంటాడులే."

చెయ్యి అన్న మాట దగ్గరే నా కళ్ళు ఆగిపోయాయి. రెండో వాక్యం చదివాను గానీ అది నా తలకెక్కలేదు. ఎక్కి ఉంటే ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు. మనుబోలు ఆమె గ్రూపు మనిషి. గ్రూపులో నా చెయ్యి సంగతి తెలిసింది ఒక్కరికే. ఇంకేం కావాలి?

నన్ను నమ్మించి గొంతు కోసిందనిపించింది. ఆ బాధ మామూలు బాధ కాదు. వీడియో తీసెయ్యమని అంత మెత్తగా చెప్పిన గొంతు, అండీ అండీ అంటూ నా కష్టమంతా రాబట్టిన గొంతు, అదంతా నాటకమా అనిపించి ఒళ్ళు మండిపోయింది. మధ్యాహ్నం సరిగ్గా మేం మాట్లాడుకునే వేళకు ఫోన్ తీశాను. ఆమెకు విడిగా పెట్టలేదు. గ్రూపులోనే, ఆమె పెట్టిన ఫోటో కింద, అందరూ వినేటట్టు, వాయిస్ పెట్టాను.

"ముఖం చూపించని మనిషిని నమ్మినా చూడు, నన్ను చెప్పుతో కొట్టాల. చెల్లెలివనుకుంటే నా అన్నంలో మన్ను పోసినావు గదా. నా చెయ్యి గురించి ఊరూరా చాటించి ఏం బాగుపడినావు? కాళ్ళు నడవకపోయినా నీ నోరు మాత్రం బాగానే ఊళ్ళు తిరిగొస్తా ఉండాది!"

పంపించి మంచినీళ్ళు తాగాను. పశ్చాత్తాపం లాంటిదేమీ లేదు. బరువు దిగినట్టుంది, హాయిగా ఉంది.

గంట తర్వాత చూస్తే గ్రూపు నిండిపోయి ఉంది. అందులో నా చెయ్యి గురించి ఒక్క మాట లేదు, ఆమె చేసిన ద్రోహం గురించీ లేదు. "అయ్యో చెల్లీ, నీకు కాళ్ళు లేవా?" "మాకు ఇన్నాళ్ళూ తెలియదమ్మా." "దేవుడు నీకు తోడుంటాడు తల్లీ." దండం పెట్టే బొమ్మలు, ఏడ్చే బొమ్మలు. ఒకామె చక్రాల కుర్చీ ఇప్పిస్తానంది. ఇంకొకామె ఫోటో పెట్టమంది. ఆమె పొద్దున పెట్టిన జాకెట్టు ఫోటో కింద "ఈ స్థితిలో కూడా ఎంత బాగా కుట్టావమ్మా" అని పదిమంది రాశారు.

నాకు విడిగా ఆమె దగ్గర్నుంచి ఒక్క లైను వచ్చింది. ఎప్పుడూ గొంతుతో పంపే మనిషి ఆ రోజు రాసి పంపింది. "అక్కా, మీ చెయ్యి సంగతి నేను ఎవరికీ చెప్పలేదండి." కాళ్ళ ఊసు ఎత్తలేదు. సాయంత్రానికి గ్రూపులోంచి వెళ్ళిపోయింది. దొంగ కాబట్టే పారిపోయింది అనుకున్నాను. మా అక్కతో కూడా అదే చెప్పాను. "ఫోన్‌లో మనుషులను నమ్మొద్దని నీకు ముందే చెప్పినా గదా మే" అంది అక్క. నా తల నిమిరింది కూడా.

జూన్ నెలకు నా దగ్గర పని దాదాపు లేకుండా పోయింది. ఎప్పుడూ తీరిక లేని నాకు శుక్రవారం తీరిక దొరికింది. మా సంఘంలో శుక్రవారం ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థన ఉంటుంది. పని దినం కాబట్టి నేను ఎన్నడూ వెళ్ళేదాన్ని కాదు, ఆదివారం మాత్రమే వెళ్ళేదాన్ని. ఆ శుక్రవారం పనిలేక, మనసు బాగోక వెళ్ళాను. అక్క ఆ రోజు గూడూరు పోయింది.

మాలో ప్రార్థన మనవి చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. ముక్తసరిగా చెబితే ఎవరూ ఒప్పుకోరు. ఎవరికి, ఏ జబ్బు, ఏ ఆసుపత్రి, డాక్టరు ఏమన్నాడు, ఇంట్లో ఎవరి సంపాదన మీద బతుకుతున్నారు, అన్నీ వివరంగా చెప్పాలి. దేవుని ముందు దాపరికం ఏమిటమ్మా అంటారు. పాస్టరమ్మ గారు అన్నీ పుస్తకంలో రాసుకుని, జవాబు వచ్చేదాకా ప్రతి శుక్రవారం చదువుతారు. చుట్టుపక్కల సంఘాలకూ పంపుతారు. ప్రాణం పోయినా గుట్టు విప్పని మనిషి కూడా ప్రార్థన మనవి అనేసరికి అదొక గుట్టని అనుకోదు. నేనేమీ తక్కువ తినలేదు. మా ఎదురింటి అబ్బాయి తాగుడు గురించి ఆదివారం నేనే లేచి చెప్పాను, వాళ్ళమ్మను అడగకుండా.

పాస్టరమ్మ గారు పుస్తకం తెరిచి నన్ను చూసి చిరునవ్వు నవ్వారు. "ఈరోజు ఆ సహోదరే మన మధ్యకు వచ్చుండాది, స్తోత్రం" అని చదవడం మొదలుపెట్టారు. కుడి చెయ్యి వణుకు. నెల్లూరులో చూపించారు. పూర్తిగా పోదని డాక్టరు అన్నాడు. భర్త లేడు, కుట్టుపనే ఆధారం. మూడు నెలలుగా ఈ మనవి ఎత్తి పట్టుకుని ఉన్నాం, మనుబోలు సంఘంలో కూడా ప్రార్థిస్తున్నారు.

నా పక్కన కూర్చున్న పెద్దామె నా కుడి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. "మీ అక్క చెప్పిన కాడి నుంచి ప్రతి శుక్రవారం నీ చెయ్యి కోసరమే పస్తుండా తల్లీ" అని ఏడ్చింది. ఎలుకల భయంతో ఆది జాకెట్టు తీసుకుపోయినామె ఆమే. దేవుడు నయం చేస్తాడని ఆమెకు నమ్మకమే, అప్పటిదాకా గుడ్డ మాత్రం నాకివ్వదు.

నేను ప్రార్థన మధ్యలో లేచి వచ్చేశాను.

మర్నాడు అక్క ఇంటికి పోయేసరికి పెరట్లో ఎండ్రకాయలు బాగు చేస్తోంది. నిలబడే అడిగాను.

"నా చెయ్యి సంగతి సంఘంలో ఎందుకు చెప్పినావు?"

"ఎవురికి చెప్పినా మే? దేవునికి చెప్పినా."

"దేవునికి చెప్పాలంటే ఇంట్లో మోకరించి చెప్పుకో. అంతమంది ఆడోళ్ళ ముందర ఎందుకు?"

"నా ఒక్కదాని నోరు ఎంత? ఇరవై నోళ్ళు కలిసి అడిగితే దానికో బరువుంటాది గదా."

"ఎవురికీ చెప్పొద్దని నీకు చెప్పినా గదక్కా!"

"ఊళ్ళో చెప్పొద్దన్నావు. నేను ఊళ్ళో చెప్పలా. సంఘంలో చెప్పినా." అక్కకు నిజంగానే అందులో తప్పు కనపడలేదు. నా ముఖం చూసి ఏడుపు మొదలుపెట్టింది. "షుగరు పెట్టుకుని కూడా నీ కోసరం శుక్రవారాలు పస్తున్నా. ఇదేనా నాకు నువ్వు చెప్పేది?"

ఏం చెప్పను? నా అన్నంలో మన్ను పోసిన మనిషి నా కోసం అన్నం మానేసి కూర్చుంది. తిట్టడానికి కూడా వీలు లేకుండా చేసింది. ద్రోహం అని గట్టిగా అరవాలనుంది, కళ్ళనీళ్ళతో ఉన్న అక్క ముఖం చూసి ఆ మాట బయటికి రాలేదు. ఆ మాటను నేను అప్పటికే ఇంకొకరి మీద వాడేశాను.

ఆ ఎండలో ఇంటికి నడిచి వస్తూ ఉంటే నాకు గోదావరి అమ్మాయి రాసిన లైను గుర్తొచ్చింది.  సరుగుడు తోట గట్టు మీద కూర్చుండిపోయి అక్కడి నుంచే ఫోన్ చేశాను. ఎత్తలేదు. మర్నాడు చేశాను, ఎత్తలేదు. వాయిస్‌లు పెట్టాను. విన్నట్టు గుర్తు వచ్చేది, జవాబు వచ్చేది కాదు. గ్రూపులో, ఆమె తప్పేమీ లేదు, తప్పంతా నాదే అని చెప్పాను. "పోనీలే అక్కా, తెలియక అన్నావు" అని అందరూ నన్ను క్షమించేశారు. వాళ్ళను నేనేమీ అనలేదు. నేను అనరాని మాట అన్న మనిషి అక్కడ లేదు.

అక్కతో నెల రోజులు మాట్లాడలేదు. ఒకరోజు ఆమే చెప్పాపెట్టకుండా వచ్చి కూర్చుని, నేను సగంలో వదిలేసిన జాకెట్టుకు హుక్స్ కుట్టడం మొదలుపెట్టింది. ఆమెకు హుక్స్ కుట్టడం సరిగ్గా రాదు. "అట్టా కాదక్కా, పైన రెండు కుట్లెయ్యి" అన్నాను. అంతే, మాటలు కలిసిపోయాయి. క్షమించానో లేదో నాకు తెలియదు. అక్క మీద కోపం పెట్టుకుని ఎన్నాళ్ళు ఉంటాం?

ఆగస్టులో ఒక మధ్యాహ్నం గోదావరి అమ్మాయి ఫోన్ ఎత్తింది. వెనక మిషను చప్పుడు వినపడింది, ఆగిపోయింది.

"చెప్పండక్కా."

అంతా చెప్పాను. అక్క, ప్రార్థన, మనుబోలు ఆమె, నా నోరు. ఏడుస్తూ చెప్పాను. ఆమె మధ్యలో ఆపలేదు.

"నన్ను క్షమించినావా?" అని అడిగాను.

"అప్పుడే వదిలేశానండి. కోపం పెట్టుకుంటే కుట్టు వంకర పోతుంది." ఆ మాటతో నా ప్రాణం లేచి వచ్చింది. రేపటి నుంచి మళ్ళీ మధ్యాహ్నాలు మాట్లాడుకోవచ్చు అనుకున్నాను. అప్పుడామె, "ఒక్క మాట అడగనా అక్కా? మీ చెయ్యి సంగతి అప్పటికి మీరు ఎంతమందికి తెలుసనుకున్నారండి?" అంది.

"నీకూ, మా అక్కకూ."

"ఇద్దరికే కదండీ. ఇద్దరిలో నేనే చెప్పానని ఎందుకనుకున్నారు?"

మనుబోలు ఆమె మెసేజ్ గురించి మళ్ళీ ఎత్తబోయాను.

"అది తర్వాత వచ్చింది కదండీ. మొదటి జాకెట్టు వెనక్కి పోయిన రోజు ఎవరనుకున్నారు?"

"నిన్నే."

"ఎందుకక్కా?"

ఆమె గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడుగుతోంది. ఏ పని దగ్గర ఎక్కువ వస్తుందని నన్నడిగిన గొంతే. దానికి అబద్ధం చెప్పలేకపోయాను.

"అక్కను అనుమానించాలంటే మనసు రావాల. రాలేదు. నిన్ను అనుమానించేదానికి మనసుతో పనే పడలా."

అటు వైపు మిషను చప్పుడు మళ్ళీ మొదలైంది.

"నిజం చెప్పారు. చాలండి. ఇంక ఫోన్ చెయ్యకండక్కా" అని పెట్టేసింది.

మళ్ళీ నేను చేయలేదు. చేయొద్దన్న మాటనైనా నిలబెట్టాలి కదా. కొందరు ఆడవాళ్ళు తిరిగి వచ్చారు, పట్టు గుడ్డలు మాత్రం ఇంకా ఇవ్వడం లేదు. సర్దుకుంటున్నాను. నా గుట్టు దాచిన మనిషి నాకు లేకుండా పోయింది. దాన్ని రెండు సంఘాలకు చాటిన మనిషి ఇవాళ మధ్యాహ్నం ఎండ్రకాయల పులుసు తెచ్చి, పక్కన కూర్చుని, తినమని బతిమాలింది. తిన్నాను.